లాకుల దగ్గర నీళ్ళు

"పులిహోరలో జీడిపప్పు ఇంకాస్త దండిగా వెయ్యి ఉమా. పోయినవారం సత్యప్రియ గారు ఏరుకుని మరీ తిన్నారు" అన్నాడు మా ఆయన. నేను చింతపండు పిసుకుతున్నాను. ఆయన కుర్చీలో కాళ్ళు మడుచుక్కూచుని కెమెరా లెన్సుని మెత్తటి గుడ్డతో గుండ్రంగా, మెల్లగా, చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తున్నాడు. ఆ గుడ్డ ఉతికింది నేనే. పెళ్ళయిన ఇరవైరెండేళ్ళలో ఈ మనిషి తిన్న కంచం తీసి పక్కన పెట్టగా చూడలేదు. అలాంటిది లెన్సు మీద ధూళి ఊదడానికి ప్రత్యేకంగా ఒక రబ్బరుబుడ్డి కొన్నాడు.

నాకు కుళ్ళు పుట్టింది. అప్పుడే కొత్తగా పుట్టింది కాదు. కార్తీకం నుంచీ కడుపులో కాపురం పెట్టిందే, జీడిపప్పు మాటతో లేచి కూర్చుంది. సత్యప్రియ ఏరుకుని తింటుందట. ఈయన చూశాడట. నేను ఏం ఏరుకుని తింటానో ఈయనకి తెలుసా అని ఆలోచించాను. నాకే గుర్తు రాలేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషికి ఏరుకోవడానికి ఏముంటుంది. ఆ సంగతి తట్టాక కుళ్ళు ఇంకో జానెడు పెరిగింది.

కెమెరా మా ఇంటికి మస్కట్ నుంచి వచ్చింది. మా ఆయన పెదనాన్న కొడుకు శివనాగరాజు బావగారు అక్కడ ఉద్యోగం మానేసి వచ్చేస్తూ, "నాకెందుకురా, నువ్వు వాడుకో" అని తన పాత కెమెరా ఈయనకిచ్చాడు. దాంతోపాటు వచ్చిన లెన్సు ఒక్కటే, వేరే సరంజామా ఏమీ లేదు. ఎరువుల కొట్టుకీ ఇంటికీ మధ్య తిరిగే మా నాగేంద్రబాబు గారికి నలభై ఎనిమిదో ఏట జీవితం కొత్తగా మొదలైంది. అమలాపురంలో శ్రీరాములు గారని రిటైరైన డ్రాయింగు మాస్టారు ఫొటోలు తీసేవాళ్ళతో ఒక గ్రూపు నడుపుతున్నారు. అందులో చేరాడు. ఆదివారం వస్తే చాలు, నాలుగైదుగురు కలిసి కారేసుకుని మారేడుమిల్లి వైపు అడవుల్లో జలపాతాలు వెతుక్కుంటూ పోతారు. కారు బయల్దేరేది మా ఇంటి ముందు నుంచి. అందులోకి ఎక్కే పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, ఫ్లాస్కులో టీ అన్నీ మా వంటింట్లోంచి.

సత్యప్రియ రాజోలులో బ్యాంకు ఉద్యోగి. ముప్పై అయిదు దాటి ఉండవు. తెల్లవారుతుండగా స్కూటీ మీద వచ్చి, మా కొబ్బరిచెట్టు కింద బండి పెట్టి, హెల్మెట్ తీసి, నన్ను చూసి నవ్వి, "నమస్తే అండీ, మీరు నాగేంద్రబాబు గారి మిసెస్ కదండీ" అంది మొదటిరోజు. ఆయ్ అన్నాను. నా పేరు చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిడ కాళ్ళకి బూట్లున్నాయి. బురద ఎండిపోయిన బూట్లు. కడుక్కోవాలన్న ధ్యాస లేకుండా, పోయినవారం అడవి మట్టితోనే మళ్ళీ వేసుకుని వచ్చేసిన బూట్లు. నా చూపు వాటి మీదే ఆగిపోయింది. నా చెప్పుల మీద ఎప్పుడూ ఉండేది మా వాకిలి మట్టే, అది కూడా రోజూ నేను ఊడ్చేదే.

జీడిపప్పు పులిహోరతో కారు కదిలి వీధి మలుపు తిరిగాక మా అత్తగారు బంగారమ్మగారు తులసికోట దగ్గర నుంచి పిలిచారు. "ఏవమ్మా, ఆ పిల్ల ఎవరో, పెళ్ళయ్యిందో లేదో కనుక్కున్నావా. మొగాడు కెమెరా పట్టుకుంటే ఏం ఫొటోలు తీస్తన్నాడో చూస్కోవాలి. నువ్వు మరీ చల్లకుండలా ఉంటే ఎలాగే" అన్నారు. మా అత్తగారి లెక్కలో ఆడదానికి కుళ్ళు రావడానికి ఒకే ఒక్క దారి ఉంది. మొగుడి పక్కన ఇంకో ఆడది నిలబడాలి. ఆవిడ నా మేలు కోరే ఆ దారి చూపించారు, కాదనను. కానీ నిజం చెప్పాలంటే సత్యప్రియ పక్కన మా ఆయన నిలబడినా, కూర్చున్నా, కారు ముందుసీట్లో ఊరేగినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆవిడ స్కూటీ తాళం వేలికి తగిలించుకుని తిప్పుకుంటూ నడిచిందే, అక్కడ మండింది నాకు. ఆదివారం పొద్దున్నే లేచి ఎవరికీ కాఫీ ఇవ్వకుండా, ఎవరికీ చెప్పకుండా గుమ్మం దాటి వచ్చిందే, అక్కడ.

సాయంత్రం డబ్బాలు వెనక్కి వచ్చాయి. స్టీలు క్యారియరు అడుగుగిన్నెలో తడి ఇసక, ఒక గులకరాయి, ఆకు ముక్క. తోముతూ ఆ గులకరాయిని తీసి గట్టు మీద పెట్టాను. నేను చూడని జలపాతాన్ని మా క్యారియరు నాలుగుసార్లు చూసి వచ్చింది. దాని మీద కూడా కుళ్ళొచ్చింది, నవ్వుకోండి. లోపల ఈయన టీవీకి తీగ తగిలించి ఫొటోలు చూపిస్తున్నాడు, వాళ్ళమ్మకి. నేను చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. ఎక్కువగా బండలు, నీళ్ళు, బండల మీద ఈయన స్నేహితులు. ఒకటి మాత్రం సత్యప్రియ తీసిందట, గ్రూపులో పెట్టిందట. అందులో నీళ్ళు నీళ్ళలా లేవు. చిలికిన వెన్నలా మెత్తగా, ఒక్క చుక్కా విడిగా కనబడకుండా, బండల మీదుగా జారుతున్నాయి. రాయి రాయిలాగే గట్టిగా ఉంది. నీళ్ళు మాత్రం కదులుతున్నాయి, కదలికంతా ఒక్కచోటే ఆగి ఉంది. అలా ఎలా వస్తుందండీ అని అడిగాను. "నీకు చెప్పినా అర్థం కాదులే. షట్టర్ స్పీడని ఒకటుంటుంది. కాస్త టీ పెట్టు" అన్నాడు.

టీ పెట్టి తెచ్చి ఇస్తూ, నేనూ ఒకసారి వస్తానండీ అన్నాను. "అక్కడికా. అక్కడ ఆడాళ్ళకి వసతులేవీ ఉండవు. బాత్రూములుండవు, జలగలు. నీవల్ల కాదు."

"మరి సత్యప్రియ గారు వస్తున్నారు కదండీ."

"ఆవిడ వేరు" అన్నాడు. చాలా మామూలుగా, టీ చల్లారిందన్నంత మామూలుగా అన్నాడు. ఎదురుగా నేను అండీ అండీ అంటాను గానీ మనసులో ఆయన ఎప్పట్నుంచో ఏకవచనంలోనే ఉన్నాడు. ఆ సాయంత్రం మనసులోంచి కూడా కాసేపు గెంటేశాను.

మధ్యాహ్నాలు ఎరువుల కొట్లో కూచునేది నేను. ఈయన భోంచేసి కునుకు తీస్తాడు. ఆ కునుకు అయ్యేదాకా యూరియా బస్తాల మధ్య గల్లాపెట్టె దగ్గర నేనుంటాను. వచ్చిన రైతులు నన్ను చూసి, "అయ్యగారు లేరాండీ" అని బల్ల మీద కూలబడతారు. వరికి ఏం తెగులు వచ్చిందో, ఏం కొట్టాలో నేను చెబితే తలూపి, అయినా ఆయన వచ్చేదాకా ఆగి, ఆయన నోటితో అదే మాట విని, అప్పుడు సరుకు తీసుకుని వెళ్తారు. బీకాం చదివానని వాళ్ళకి తెలియదు. తెలిసినా ఆగేవారే. ఆ ఆగే సమయంలో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవన్నీ నా చెవిన పడతాయి. ఎవరి చేలో నీళ్ళు లేవు, దాళ్వా వరికి ఈ వారం నీళ్ళు ఎవరి వంతు, కాలవ లాకుల దగ్గర తలుపులు ఎప్పుడు దింపుతారు, ఎప్పుడు ఎత్తుతారు, ఇవే మాటలు. నేను వింటూ ఫోను చూసేదాన్ని. ఇదివరకు వంటలు చూసేదాన్ని. ఆ మర్నాటి నుంచి షట్టర్ స్పీడు చూడటం మొదలుపెట్టాను.

అంత బ్రహ్మవిద్యేమీ కాదు. కెమెరా లోపల ఒక తలుపు ఉంటుంది. మామూలుగా అది రెప్పపాటులో తెరుచుకుని మూసుకుంటుంది, అందుకే నీటిచుక్క గాల్లో చుక్కలాగే దొరికిపోతుంది. ఆ తలుపుని ఒకటి రెండు సెకన్లు తెరిచే ఉంచితే ఆ కాసేపట్లో నీరు పోయిన దారంతా ఫొటోలో పడుతుంది, పాలధారలా. అంతసేపు తెరిచి ఉంచితే వెలుతురు ఎక్కువైపోతుంది కాబట్టి లెన్సు కన్నుని బాగా చిన్నది చెయ్యాలి, పొద్దెక్కకముందే తియ్యాలి. ఆ కాసేపూ కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఇంతే. ఈమాత్రం నాకు చెప్పినా అర్థం కాదట. పుట్టింట్లో, ఆత్రేయపురంలో, పదేళ్ళ వయసులోనే కాలే కుండ మీద పిండిగుడ్డ లాగి పూతరేకు తీసినదాన్ని. ఒక్క క్షణం ఆలస్యమైతే రేకు మాడుతుంది, ఒక్క క్షణం తొందరపడితే చిరుగుతుంది. కాసేపు అంటే ఎంతసేపో నాకు ఒకరు చెప్పాలా.

జలపాతం ఒక్కటే లేదు. కోనసీమంతా బల్లపరుపు, ఇక్కడ నీళ్ళు పారతాయి గానీ దూకవు. దూకేది ఒక్క లాకుల దగ్గరే. మా ఇంటికి నడిచేంత దూరంలో కాలవకి అడ్డంగా వంతెన, వంతెన కింద ఇనప తలుపులు ఉన్నాయి. తలుపులు దింపినప్పుడు ఎగువన నీళ్ళు నిండి, తలుపుల నెత్తి మీంచి అవతలికి దూకుతాయి. మనిషి ఎత్తు కూడా ఉండదు ఆ దూకుడు. దాన్ని జలపాతం అంటే నవ్విపోతారు. కానీ నాది అనుకోవడానికి నాకు దొరికింది అదే. వెళ్ళడానికి సాకు కూడా దొరికింది. కిందటేడు షుగరు కొంచెం ఉందని తేలాక డాక్టరు గారు రోజూ పొద్దున్నే నడవమన్నారు. ఇంట్లో ఎవరినీ అడక్కుండా వీధిలోకి వెళ్ళే హక్కు నాకు ఆ జబ్బు ఇచ్చింది. రోగం వచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనిషిని నేనే అయ్యుంటాను.

బీరువా పై అరలోంచి కెమెరా తీసి కూరగాయల సంచిలో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి బయల్దేరేదాన్ని. ఈయన కొత్తగా కొన్న ట్రైపాడ్ ఆ సంచిలో పట్టదు. అందుకని పాత జాకెట్టుగుడ్డతో చిన్న సంచీ కుట్టి, దాన్నిండా పెసలు పోశాను. గట్టు గోడ మీద పెసలసంచీ, దాని మీద కెమెరా. నొక్కితే ఎటు వంచితే అటు కూర్చుంటుంది, కదలదు. రెండ్రోజుల తర్వాత అత్తగారు పెసరట్టు వెయ్యమంటే డబ్బాలో పెసలు లేవు. "మొన్నే కదే తెప్పించేం" అని ఆవిడ. పురుగు పట్టింది పారబోశానని చెప్పాను.

మొదటివన్నీ తెల్లకాగితాలే. ఎండెక్కాక తీశాను, ఏమీ పడలేదు. ఈయన నల్లకళ్ళద్దాలు తీసుకెళ్ళి లెన్సుకి అడ్డం పెట్టి చూశాను. కాలవంతా గోంగూర ఉడికించిన నీళ్ళలా పచ్చగా వచ్చింది, మధ్యలో ఈయన వేలిముద్ర. తర్వాత వంతెన మీంచి తీశాను, బాగా కనిపిస్తుంది కదాని. సరిగ్గా కెమెరా తలుపు తెరుచుకున్న క్షణంలో కొబ్బరికాయల ట్రాక్టరు వంతెనెక్కింది. వంతెన వణికింది, నా నీళ్ళూ గోడా అన్నీ కలిసి వణికాయి. అలా వణికినవే నాలుగైదు రోజులు. వాటిని అక్కడికక్కడే చెరిపేసి, కెమెరా తుడిచి, బీరువాలో ఎలా ఉన్నది అలా పెట్టి, ఈయనకి కాఫీ ఇచ్చేదాన్ని. మొగుడికి తెలియకుండా మగాణ్ణి కలిసి వచ్చినట్టు గుండె దడదడలాడేది. ఆ దడ కూడా బాగుండేది.

ధనుర్మాసం చివర్లో ఒక పొద్దున మంచు దట్టంగా పట్టింది. వంతెన దిగి, అవతలి మెట్ల పక్కన, రాతిగోడ వంపు తిరిగే చోట కూర్చున్నాను. అక్కడికి ట్రాక్టరు అదురు రాదు. అక్కణ్ణుంచి తలుపుల మీంచి దూకే నీళ్ళు పక్కవాటుగా కనిపిస్తాయి, వాటి కింద నల్లగా నాచుపట్టిన మెట్టు ఒకటి. మీట నొక్కి చెయ్యి తీసేసి ఊపిరి బిగబట్టాను. కెమెరా టక్కుమని తెరుచుకుని, ఆగి, మళ్ళీ టక్కుమంది. వెనకాల చిన్న తెర మీద బొమ్మ వచ్చింది. నల్లటి మెట్టు మీదికి తెల్లటి నీళ్ళు, దుప్పటి పరిచినట్టు దిగుతున్నాయి. మంచులో వంతెన సగం ఉంది, సగం లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆనందమే గానీ, దాని అడుగున కోపం కూడా ఉంది. ఇంత సుఖం ఆదివారం ఆదివారం ఈ మనుషులు అనుభవిస్తూ, ఇంటికొచ్చి అలిసిపోయామని కాళ్ళు పట్టించుకుంటున్నారా అనిపించింది. ఆ ఒక్కటీ చెరపలేకపోయాను. రోజూ చెరిపేద్దాం అనుకుంటూనే కెమెరాలో వదిలేశాను.

వదిలేస్తే దొరక్కుండా పోతుందా. ఆ ఆదివారం ఈయన ఏవో తీసుకొచ్చి టీవీలో వేస్తుంటే మధ్యలో అది వచ్చింది. "ఇదేంటి" అన్నాడు. నేను తీశానండీ, నడకకి వెళ్ళినప్పుడు అన్నాను. కెమెరా ముట్టుకున్నందుకు ఒక పావుగంట చీవాట్లు పెట్టాడు. పడేస్తే ఏమయ్యేది, లెన్సులో నీళ్ళు పోతే ఏమయ్యేది. తర్వాత ఆ ఫొటో వైపే చూస్తూ చూస్తూ చీవాట్లు మరిచిపోయాడు. మర్నాడు పొద్దున నేను అట్లు వేస్తుంటే ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఈ మనిషి వంటింటి గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో. "ఉమా, ఆ ఫొటోకి ఎన్ని సెకన్లు పెట్టేవు. లెన్సు ఎంతకి తగ్గించేవు" అన్నాడు. ఎవరో అడుగుతున్నారా అన్నాను. "ఆ, గ్రూపులో పెట్టేను. శ్రీరాములు గారు తెగ మెచ్చుకున్నారు. సత్యప్రియ గారు అడుగుతున్నారు ఎలా తీసేరని." నేను చెప్పాను. అట్టు తిరగేస్తూ ఒక్కొక్కటీ చెప్పాను, ఆయన టైపు చేసుకున్నాడు. దేని మీద పెట్టి తీశారని కూడా ఆవిడ అడిగినట్టుంది. అది నన్ను అడగలేదు. ట్రైపాడ్ అని ఆయనే కొట్టేశాడు.

నేను తీసింది కదండీ, నా పేరు పెట్టొచ్చు కదా అన్నాను. అట్టు పెనానికి అంటుకుపోతుంటే గీకుతూ అన్నాను కాబట్టి అది గట్టిగా అడిగినట్టు లేదు. "నువ్వు గ్రూపులో లేవు కదా. కెమెరా నాదేగా. మనింట్లో నీదీ నాదీ ఏంటి కొత్తగా. నా పేరుంటే నీ పేరున్నట్టే" అన్నాడు. మాట మాత్రం ఎంత మెత్తగా ఉంది. కొట్లో నేను చెప్పిన మందు ఆయన నోటితో వింటేనే మందవుతుంది. హాస్టల్లో చదువుకుంటున్న మా పిల్లకి నేను నేర్పిన లెక్కలు ఆయన కూతురి తెలివి. ఇన్నేళ్ళూ అన్నీ అలాగే వెళ్ళిపోయాయి, నేను కూడా చూస్తూ ఊరుకున్నాను. కానీ ఆ నల్లమెట్టు మీద దిగిన నీళ్ళ మాట వేరు. వాటి కోసం నేను అబద్ధమాడాను, పెసలు దొంగిలించాను, ఊపిరి బిగబట్టాను.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ వరసగా జరిగాయి. అమలాపురంలో గ్రూపు వాళ్ళ ఫొటోల ప్రదర్శన పెడుతున్నారు. అందులో గుమ్మానికి ఎదురుగా పెద్దది చేసి పెట్టేది ఆ ఫొటోయే, కింద పేరు నాగేంద్రబాబు, కొత్తపేట. ప్రదర్శనకి ముందు శ్రీరాములు గారు అందరినీ తీసుకుని లాకుల దగ్గరికి వస్తారట, అంత చిన్న నీళ్ళని అంత బాగా ఎక్కణ్ణుంచి పట్టారో ఈయన చూపించాలట. ఆదివారం ఖాయం చేశారు. భోజనాలు అక్కడే, కాలవగట్టు మీద. "పదిమందికి చూస్కో" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కొట్లో అంజిబాబు గారు ఈయన కోసం ఆగుతూ పక్కాయనతో అంటున్నారు. "రేపట్నుంచి దిగువోళ్ళ వంతండీ. లాకుల తలుపులు ఎత్తేస్తారు. మళ్ళీ దింపేది బుధవారమే." నేను జింకు పొట్లం కడుతున్నాను. తలుపులు ఎత్తేస్తే నీళ్ళు అడుగునించి మామూలు కాలవలా పోతాయి. దూకవు. ఆదివారం అక్కడ చూడటానికి ఏమీ ఉండదు. ఈయన నిద్రలేచి కొట్టుకి వచ్చేసరికి అంజిబాబు గారు మందు గురించి అడిగారు గానీ తలుపుల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పొట్లానికి దారం గట్టిగా బిగించి కట్టాను. శుక్రవారం, శనివారం, రెండు రోజులూ ఆ మాట నోట్లో పటికబెల్లంలా పెట్టుకుని చప్పరించాను. నా అంత కుళ్ళుబోతు ఈ చుట్టుపక్కల ఇంకొకతి ఉండదని నాకే అనిపించింది. సిగ్గు మాత్రం కలగలేదు.

ఆదివారం రెండు కార్లు వచ్చాయి. పొద్దు ఇంకా ఎర్రగానే ఉంది. వంతెన మీద ట్రైపాడ్లు వరసగా నిలబెట్టారు. కింద నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి, గుర్రపుడెక్క ముక్కలు తేలుకుంటూ. శ్రీరాములు గారు కళ్ళజోడు సవరించుకుని, "ఏవండీ నాగేంద్రబాబు గారూ, నీళ్ళు దూకట్లేదేంటి" అన్నారు. మా ఆయన వంగి చూశాడు. "ఆరోజు దూకాయండి మరి. వాళ్ళ ఇష్టం, ఒక్కోసారి వదుల్తారు, ఒక్కోసారి వదలరు" అన్నాడు. "పోనీ ఎక్కణ్ణుంచి తీసేరో చూపించండి" అన్నారు ఆయన. "ఇదిగో, ఇక్కణ్ణుంచే" అని ఈయన వంతెన కటకటాల మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఒక్కరికీ అనుమానం రాలేదు. అందరూ అక్కణ్ణుంచే తొంగిచూసి తలలూపారు. క్యారియర్లు మోసుకుని వాళ్ళ వెనకాల నిలబడ్డ నాకు ఆ నల్లమెట్టు వంతెన మీంచి కనిపించదని తెలుసు. గట్టు మీద చాప పరిచి విస్తరాకులు వేశాను.

అందరికీ వడ్డించాక సత్యప్రియ తన ఆకు తీసుకుని మగవాళ్ళ దగ్గర కూర్చోకుండా నా పక్కన, మెట్టు మీద కూర్చుంది. "మీరూ తినండి. ఎప్పుడూ మీరు తినగా చూళ్ళేదు" అంది. తింటానన్నాను. ఆవిడ ఆకులో జీడిపప్పు ఏరుకుంది. తర్వాత మెల్లగా, నవ్వాలో మానాలో తెలియని ముఖంతో అంది.

"ఒక మాట చెప్తాను, ఏవనుకోకండి. మీ ఆయన ఫొటో చూసిందగ్గర్నుంచీ నాకు ఒకటే కుళ్ళండి. నేను నాలుగేళ్ళ బట్టీ తీస్తన్నాను. అడవులన్నీ తిరిగేను, ఫిల్టర్లన్నీ ఉన్నాయి. అలాంటి నీళ్ళు నాకొక్కసారీ పడలేదు. ఆయనకి కెమెరా వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. నిజం చెప్తన్నాను, ఆయన కనబడితే నాకు ఒళ్ళు మండిపోతంది. రాత్రి ఆ ఫొటో తెరిచి చూస్తా కూచున్నాను. ఇలా ఉండకూడదు కదండీ. ఉంది మరి."

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆ కళ్ళల్లో ఉన్నది నాకు బాగా తెలిసినదే. కార్తీకం నుంచీ పొద్దున్నే అద్దంలో చూసుకుంటున్నదే. ఆ బూట్ల మనిషి, తాళం తిప్పుకునే మనిషి, వేరే అయిన మనిషి, నా నీళ్ళని చూసి కుళ్ళుకుంది. నా జన్మలో నన్ను చూసి ఒక్కరంటే ఒక్కరు కుళ్ళుకున్నారా అని వెతుక్కున్నాను. నా చీర చూసి, నగ చూసి తోటికోడళ్ళు ఏమైనా అనుకుని ఉంటే అది మా ఆయన కొనిపెట్టిన వాటి మీద. నా మీద కాదు. నా చేతుల్లోంచి వచ్చిన పని చూసి, అబ్బ ఇది నాకు రాలేదే అని రాత్రి నిద్ర మాని కడుపు మండించుకున్న మనిషి నాకు ఇన్నాళ్ళకి దొరికింది. ఆ కడుపుమంట కూడా వెళ్ళి ఈయన పేరు మీద పడింది. మెచ్చుకోళ్ళు పోతే పోయాయి, మెచ్చుకోళ్ళదేముంది, పులిహోర బాగుందని కూడా మెచ్చుకుంటారు. గుమ్మానికి ఎదురుగా పెట్టే ఫొటో కింద పేరు కూడా, కడుపు మండినా, వదులుకునేదాన్నేమో. ఇది మాత్రం వదులుకోలేకపోయాను. ఇంత స్వచ్ఛమైనది నాకు మళ్ళీ ఎవరిస్తారు.

"ఉమా, పెరుగన్నం ఇటు తే" అన్నాడు మా ఆయన చాప మీద నుంచి.

గరిటె గిన్నెలో పెట్టి మూత పెట్టాను. లేవలేదు. పక్కనున్న సత్యప్రియకి చెప్పాల్సిన మాటే, అయినా చాప మీద అందరికీ వినబడేలా చెప్పాను.

"బుధవారం తలుపులు దింపుతారండీ. తెల్లారేసరికి వచ్చెయ్యండి, ఎక్కడ కూచుని తియ్యాలో చూపిస్తాను. నా పేరు ఉమామహేశ్వరి. ఆ ఫొటో తీసింది నేనండీ. ఆయన్ని చూసి కుళ్ళుకోకండి, నన్ను చూసి కుళ్ళుకోండి."